కుంకుడు పులుసును గూర్చిన మాటలు

ఆదివారమునాడో, దీపావళినాటి తెల్లవారుజామునో తలంటు పోయించుకొనని తెలుగు బిడ్డ ఒకప్పుడు అరుదు. మాడునకు నూనె పెట్టి, ఒంటికి నలుగు రాచి, చితుకగొట్టి వేడినీటిలో నానవేసిన కుంకుడుకాయల పులుసుతో తల రుద్దుచుండగా, ఆ పులుసు కంటిలో పడి పిల్లవాడు గోలపెట్టును. అప్పుడు అమ్మమ్మ ఒక ఉప్పుకల్లు నోటిలో వేసి, "చప్పరించరా, మంట పోతుంది" అనెడిది. ఉప్పునకును కంటిమంటకును ఏ సంబంధమును లేదు. పిల్లవాని ధ్యాస మాత్రము కంటినుండి నాలుకకు మరలును. ఈలోపల నాలుగు చెంబుల నీళ్లు ముఖముపై పడును. మంటను తగ్గించినవి ఆ నీళ్లు. పేరు వచ్చినది ఉప్పునకు.

మూలికలతో తలస్నానమును గూర్చి నేడు వెలువడుచున్న వ్రాతలలో హెచ్చుభాగము ఈ ఉప్పుకల్లు తర్కము మీదనే నడచుచున్నది. పత్రికల సౌందర్య శీర్షికలలోను, పొడుల పొట్లములపైనను, తుదకు పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనములలో విద్యార్థులు వ్రేలాడదీయు అట్టలమీదను ఒకే ధోరణి కానవచ్చును. కుంకుడు, శీకాయ, మెంతులు, మందారాకు, ఉసిరిక - వీనిలో 'రసాయనములు' లేవట. ఇవి కుదుళ్లకు పోషణ నిచ్చునట. రాలిన జుట్టును మరల మొలిపించునట. ప్రకృతి ప్రసాదించినవి గనుక వీనివలన ఏ హానియు కలుగదట. ఈ వ్రాతలు పొగడుచున్న వస్తువులు మంచివే. పొగడ్తకు చూపుచున్న కారణములే తప్పు. ఫలితము మంచిదైనప్పుడు కారణము తప్పైన నేమి, పోనిమ్మని కొందరందురు. తలంటు ఒక్కదానితో వ్యవహారము ముగిసినచో పోనిమ్మనవచ్చును. ముగియుట లేదు.

ముందుగా కుంకుడునకు దక్కవలసిన పేరు దక్కనిండు. దక్షిణభారతమున పెరుగు కుంకుడుచెట్టునకు శాస్త్రనామము సాపిండస్ ట్రైఫోలియేటస్. 'సాపిండస్' అనగా భారతదేశపు సబ్బు. 1753లో లినేయస్ తన వృక్షశాస్త్ర గ్రంథమున ఈ పేరు వాడెను. అనగా యూరపు పండితులకు సైతము ఈ కాయ సబ్బుగానే పరిచయమైనది. కంసాలి నగలకు పట్టిన జిడ్డును కుంకుడునీటితోనే వదలించును. పట్టుచీరను సబ్బుతో ఉతుకుటకు జంకు గృహిణి కుంకుడునీటిలో నిర్భయముగా జాడించును. మన్యపు గిరిజనులు సేకరించి తెచ్చు కుంకుడును, శీకాయను కొని అమ్ముట, విశాఖపట్నము కేంద్రముగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చేయు పనులలో నొకటి.

ఈ కాయ గుజ్జులో సాపొనిన్లు అను పదార్థములు కలవు. సాపొనిన్ అణువునకు రెండు స్వభావములు. దాని ఒక భాగము చక్కెరల గొలుసు. అది నీటిని కోరును. మరియొక భాగము కర్బన వలయముల కూర్పు. అది నూనెను కోరును. తలపై పేరుకొనిన చర్మపు జిడ్డు, పెట్టుకొనిన నూనె, వానికి అంటుకొనిన దుమ్ము ఇవన్నియు వట్టి నీటికి లొంగవు. సాపొనిన్ అణువులు తమ నూనె కొసలను జిడ్డులో గ్రుచ్చి, చక్కెర కొసలను నీటివైపు చాచి, జిడ్డును సన్నని బిందువులుగా విడదీసి చుట్టుముట్టును. ఆ బిందువులు నీటితోపాటు జారిపోవును. నీటి తలతన్యతను తగ్గించుటవలననే నురుగు పుట్టును. సబ్బు చేయునది ఇదే పని, షాంపూ చేయునది ఇదే పని. శీకాయలో ఉన్నవియు సాపొనిన్లే. వాని మోతాదు తక్కువగుటచేత నురుగు పలుచగా వచ్చును.

సబ్బుకంటె కుంకుడు ఒక విషయమున నిశ్చయముగా మేలు. దీనిని పొగడు వ్రాతలలో ఆ విషయమే కానరాకుండుట విచిత్రము. సబ్బు అనునది కొవ్వు ఆమ్లముల సోడియము లవణము. బావులలోను, గొట్టపుబావులలోను ఊరు నీటియందు కాల్షియము, మెగ్నీషియము లవణములు హెచ్చుగా ఉన్నచో దానిని కఠినజలమందురు. పప్పు ఉడకని నీరన్నచో ఇల్లాండ్రకు వెంటనే తెలియును. ఆ నీటిలో సబ్బు రుద్దినప్పుడు నురుగు రాదు సరిగదా, కాల్షియముతో కూడి తెల్లని తెట్టు ఏర్పడి వెంట్రుకలకు పట్టుకొనును. ఎంత కడిగినను తల జిగటగా, అట్టలు కట్టినట్లు ఉండును. సాపొనిన్లు ఇట్లు కాల్షియముతో కలిసి తెట్టు కట్టవు. ఉప్పునీటి ఊళ్లలో కుంకుడును విడువని ముసలమ్మల పట్టుదలకు ఆధారమిది. పైగా సబ్బునీరు క్షారము, దాని పి.హెచ్. విలువ 9, 10 వరకు పోవును. క్షారమునందు వెంట్రుక ఉబ్బి, దాని పైనున్న పెంకు పొలుసులు లేచి, ఒకదానితో నొకటి రాచుకొని చిక్కులు పడును. కుంకుడు పులుసునకు కొద్దిపాటి ఆమ్లగుణము కలదు గనుక పొలుసులు అణగియుండును.

అయితే ఇవి సబ్బుతో పోల్చి చెప్పిన గొప్పలు, షాంపూతో కాదు. షాంపూ అను మాట మన దేశమునుండి పోయినదే. హిందీలో 'చాంపో' అనగా ఒత్తు, పిసుకు అని. 1759లో పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మదు ఇంగ్లండులోని బ్రైటనులో స్నానశాల తెరచి, ఆ పేరుతో ఒడలు మర్దనము చేయించెడివాడు. మాట తరువాత తలకు ప్రాకినది. తొలినాటి షాంపూలు సబ్బుతో చేసినవే. కఠినజలమున వానికిని తెట్టు కట్టు అవలక్షణము తప్పలేదు. 1930ల నడుమ అమెరికాలో కృత్రిమ డిటర్జెంటుతో షాంపూ చేయుట మొదలైనప్పుడు ఆ చిక్కు తీరినది. కనుక నేటి షాంపూను సబ్బు స్థానమున నిలిపి, సబ్బునకు గల దోషములను దానికి అంటగట్టి, కుంకుడును గెలిపించుట న్యాయమైన తీర్పు కాదు.

'రసాయనములు లేనిది' అను మాట విద్యార్థి నోట వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు మరింత చింతింపవలెను. రసాయనము కాని వస్తువేది? కుంకుడులోని సాపొనిన్ నిర్మాణమును కాగితముపై గీచినచో, షాంపూ సీసాపై వ్రాసిన దేనికంటెను అది చిక్కైన బొమ్మ యగును. చెట్టు తయారుచేసినంత మాత్రమున అది మన క్షేమముకొరకు తయారుచేసినట్లు కాదు. కాయను పురుగులనుండి, శిలీంధ్రములనుండి కాపాడుకొనుటకు చెట్టునకు ఉపకరించు ఆయుధములలో సాపొనిన్లు కూడ చేరినవి. జీవకణపు పైపొరలో కొవ్వు కలదు. జిడ్డును విడదీయు అణువు ఆ పొరను కూడ విడదీయగలదు. రక్తపు చుక్కను సాపొనిన్ కలిసిన నీటిలో వేసినచో ఎఱ్ఱకణములు పగిలి నీరు నిర్మలమైన ఎఱుపునకు తిరుగును. సాపొనిన్లు గల కాయలను, వేళ్లను నలిపి మడుగులో కలిపి, చేపలు తేలగా పట్టుకొను ఆచారము లోకమున అనేక తావుల ఉన్నది. ఆ నీరు చేపల మొప్పలను దెబ్బతీయును. రొయ్యల చెరువులలో అక్కరలేని చేపలను చంపుటకు తేయాకు గింజల చెక్క చల్లుదురు; అందు పనిచేయునదియు సాపొనినే. పిల్లవాని కంటిలో మంట పుట్టించినది మరియొకటి కాదు. ఆ మంట వట్టి బాధ మాత్రమే కాదు. చిక్కని పులుసు కనుగుడ్డు పైపొరను గాయపరుపగలదు. వెంటనే ధారాళముగా మంచినీటితో కడుగవలెను. కొంతసేపటికి ఎఱుపు, నీరు కారుట తగ్గనిచో కంటివైద్యునికి చూపవలెను. కుంకుడు మురికిని వదలించు గుణమును, చేపను చంపు గుణమును వేరుచేసి ఒకదానిని ప్రకృతికి, మరియొకదానిని దురదృష్టమునకు కట్టబెట్టుటకు వీలులేదు. రెండును ఒకటే గుణము.

ఇక పోషణ. ఈ మాట వినని శీర్షిక లేదు. వెంట్రుక ఎచట బ్రతికియున్నదో తెలిసినచో ఈ మాట నిలువదు. చర్మము క్రింద కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉన్న కుదురు మాత్రమే జీవము గలది. దానికి ఆహారమును, ప్రాణవాయువును తెచ్చునది రక్తము. చర్మము దాటి పైకి వచ్చిన వెంట్రుక కెరటిను అను మాంసకృత్తుతో అల్లిన మృతపదార్థము, గోరు వంటిదే. కత్తిరించినప్పుడు నొప్పి లేకుండుట ఇందులకే. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటిమీటరు పెరుగును. అరువది సెంటిమీటర్ల జడ కొనయందలి వెంట్రుక ఐదేండ్లనాడు చర్మమునుండి వెలికి వచ్చినదన్నమాట! ఆ కొనకు మెంతిపిండి తినిపించుట సాధ్యమా? కోడిగ్రుడ్డు సొనలోని మాంసకృత్తుల అణువులు పెద్దవి. అవి చర్మముగుండ దూరి కుదురును చేరలేవు. ఉసిరికలోని సి విటమిను తినినవారికి ఉపకరించును. పది నిమిషములు మాడుపై ఉంచి కడిగివేసిన వారికి ఉపకరించునని తలచుటకు ఆధారము లేదు.

అంతమాత్రముచేత మెంతులును మందారాకును వ్యర్థములని త్రోసివేయుటయు పొరపాటే. నానిన మెంతులనుండియు, నలిపిన మందారాకునుండియు జిగురు వచ్చును గదా. ఆ జిగురు పొడవైన చక్కెర గొలుసులు గల బృహదణువుల ద్రావణము. అది వెంట్రుకపై పలుచని పూతగా నిలిచి, పొలుసుల నడుమ గరుకుదనమును కప్పును. దువ్వెన సులువుగా జారును, చిక్కు తక్కువ పడును, చిక్కు లాగినప్పుడు తెగిపోవు వెంట్రుకలు తగ్గును. శీకాయపొడిని గంజిలో కలుపుట వెనుక ఉన్న ఉపాయమును ఇటువంటిదే. ఇది నిజమైన ప్రయోజనము. అయితే దీని పేరు పూత, పోషణ కాదు. గోడకు సున్నము వేసినచో గోడ అందగించును; గోడ బలిసినదని ఎవ్వరు ననరు.

ఉసిరికను ఇనుప మూకుడులో రాత్రియంతయు నానబెట్టి తలకు పట్టించినచో జుట్టు నల్లనగునని చెప్పుదురు. అగును. ఉసిరికలోని టానిన్లు మూకుడులోని ఇనుముతో కూడి నల్లని సమ్మేళనమగును. పూర్వము కరక్కాయతోను, ఇనుప లవణముతోను సిరా చేసి వ్రాసెడివారు. మూకుడులో తయారైనది ఆ జాతి సిరాయే. ఇంత చక్కని రసాయనచర్య వంటయింటిలో జరుగుచుండగా, దానిని విడిచి "ఉసిరిక కుదుళ్లలోని నల్లరంగును మేల్కొలుపును" అని వ్రాయుటకు చేయి ఎట్లు వచ్చునో!

జుట్టు రాలుట, మొలచుట అను విషయమునకు వచ్చుసరికి ఈ వ్రాతలు చేయు నష్టము పెద్దది. తలపై సుమారు లక్ష వెంట్రుకలుండును. ప్రతి వెంట్రుకయు కొన్ని యేండ్లు పెరిగి, సుమారు మూడు నెలలు విశ్రమించి, రాలిపోవును. ఆ కుదురునుండి క్రొత్తది మొలచును. ఆరోగ్యవంతులకు సైతము దినమునకు ఏబది మొదలు నూరు వరకు రాలుట సహజము. వారమునకొకసారి తలంటుకొను స్త్రీకి, జడలో చిక్కుకొని నిలిచిన వెంట్రుకలు స్నానమునాడు గుంపుగా చేతికి వచ్చును, ఆమె భయపడును. ఆ నాడు వాడినది షాంపూ ఐనచో షాంపూ దోషియగును.

టైఫాయిడు, డెంగీ వంటి తీవ్రజ్వరము వచ్చినప్పుడు, కాన్పు తరువాత, ఒక్కసారిగా తిండి తగ్గించినప్పుడు, పెరుగుచున్న వెంట్రుకలలో చాల భాగము ఒక్కుమ్మడి విశ్రాంతి దశకు పోవును. విశ్రాంతికి రెండు మూడు నెలలు పట్టును గనుక జ్వరము మరచిపోయిన తరువాత జుట్టు రాలుట ఆరంభమగును. కారణమునకును కార్యమునకును నడుమ ఇంత ఎడమున్నచో రెంటిని కలిపి చూచువారు అరుదు. తల్లి కంగారుపడి మొదట నూనె మార్చును, తరువాత కుంకుడు పట్టును, నాల్గవ నెలలో ఎవరో చెప్పగా మందారాకు, మెంతులు, ఉల్లిరసము మొదలిడును. ఈలోగా కుదుళ్లు తమంతట తామే తేరుకొనును. సాధారణముగా ఆరు నెలలలో రాలుట సద్దుమణిగి క్రొత్త వెంట్రుకలు కానవచ్చును. చిట్టచివర వాడిన రసమేదో ఆ ఇంట దివ్యౌషధమగును, ఇరుగుపొరుగులకు చెప్పబడును, ఒకనాడు పత్రికకు ఎక్కును. ఇందెవ్వరును అబద్ధమాడలేదు. ఏ రసమును వాడని మరియొక బాలికకు అదే ఆరు నెలలలో జుట్టు వచ్చినదా లేదా అని చూచినవారు లేరు, అంతే. మైనాక్సిడిలు అను మందు సంగతి ఇందుకు భిన్నము. రక్తపోటునకు మ్రింగుచున్నవారి ఒంటిపై రోమములు పెరుగుట వైద్యులు గమనించిరి. అంతటితో ఆగక, కొందరి మాడునకు ఆ మందును, కొందరికి మందు లేని ద్రవమును పూసి, పోల్చి చూచి, పిమ్మట బట్టతలకు పైపూతగా వాడుట ప్రారంభించిరి. అమెరికాలో దానికి అనుమతి వచ్చినది 1988లో. అదియును వాడుట మానినచో ఫలితము నిలువదు, అందరికిని పనిచేయదు.

తమంతట తాము మానని కారణములును కలవు. థైరాయిడు గ్రంథి లోపము అందొకటి. జుట్టు రాలుచున్నదని వచ్చిన స్త్రీలలో వైద్యులు తప్పక పరిశీలించు మరియొక విషయము రక్తహీనత, ఇనుము కొరత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల లోపు భారతీయ స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత ఉన్నట్లు తేలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల అంకెలు దీనికి ఇంచుమించుగానే ఉన్నవి. తొమ్మిదవ తరగతి బాలిక మెట్లెక్కుటకు ఆయాసపడుచున్నది, ప్రార్థన సమయమున కండ్లు తిరుగుచున్నవి, జడ సన్నబడుచున్నది అనుకొనుడు. ఆయాసమునకు, కండ్లు తిరుగుటకు ఎవరును మందు చెప్పరు, ఎదుగు వయసని ఊరకుందురు. జడకు మాత్రము పది వ్యాసములు పది రసములు చెప్పుచున్నవి. ఆరు నెలలు వానితో గడచును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చేయు చిన్న రక్తపరీక్ష ఆలస్యమగును. మూలికల వ్యాసమును చదివి వదలివేయరాని కారణమిది. పోషణ అను మాటను అది తలపై పోసినది. ఆ మాట చేరవలసినది కంచములోనికి.

హాని లేదను మాటకు మరియొక సాక్షి గోరింటాకు. ఆకులోని లాసోన్ అను పదార్థము కెరటినుతో కూడుకొని నారింజఎఱుపు నిచ్చును. గోరింటాకు పండునది ఎఱ్ఱగానే. తనంత తానుగా అది నల్లరంగు నీయదు. కొన్ని నిమిషములలో కారునలుపు నిచ్చు 'నల్ల గోరింటాకు' పొడిలోగాని కోనులోగాని పారాఫినైలిన్ డయమిన్ అను కృత్రిమ వర్ణద్రవ్యము కలిసియుండుట తరచు. ఇది కొందరి చర్మమున బొబ్బలు లేపును. ఒకసారి శరీరము దీనికి ఎదురుతిరుగుట నేర్చినచో ఆ గుణము జీవితాంతము నిలువవచ్చును. తరువాత ఎన్నడో తలకు రంగు వేసినప్పుడు ముఖమంతయు వాచును. ఐరోపా దేశముల కూటమిలో తలరంగులో సైతము దీనిని 2 శాతమునకు మించనీయరు. ఒంటిపై చిత్రములకు అసలే అనుమతి లేదు. ఆకుపచ్చని ఆకుబొమ్మ ముద్రించిన పొట్లమే ఈ పదార్థమునకు తలుపు తెరచుచున్నది, ఏలయన 'మూలిక' అని చదివిన తరువాత లోపల ఏమున్నదని వెదకువారు లేరు. కల్తీ లేని గోరింటాకు సైతము అందరికిని ఒకటి కాదు. జి-6-పి-డి అను ఎంజైము పుట్టుకతో లోపించిన పసిబిడ్డకు ఒంటికి గోరింటాకు పట్టించుటవలన రక్తకణములు పగిలి ప్రాణాపాయము కలిగిన ఉదంతములు వైద్యగ్రంథములలో నమోదైనవి.

చర్మపు పూతల సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. శనగపిండి, పెసరపిండి జిడ్డును పీల్చును. నలుగు అందువలన పనిచేయును. నిమ్మరసము రాచుకొని ఎండలోనికి పోరాదు. నిమ్మలోని కొన్ని పదార్థములు సూర్యుని అతినీలలోహిత కిరణములతో కలిసి చర్మమును కాల్చినట్లు చేసి నల్లమచ్చలు మిగిల్చును. కొందరు సున్నిపిండిలో చేర్చు బావంచాలలో ఈ కోవకు చెందిన సోరలెన్ కలదు. బొల్లి మచ్చలకు ఎండతోపాటు బావంచాలు వాడిన పూర్వులకు ఈ గుణము తెలిసియే ఉండెను. చంటిబిడ్డ నలుగుపిండిలో దానిని కలిపినవారికి తెలియదు.

నిలువజేయుట మరియొక చిక్కు. కుంకుడు పులుసులో చక్కెరలున్నవి. మెంతిజిగురు సూక్ష్మజీవులకు విందు. కాచిన నాటి పులుసు ఆనాడే వాడవలెను. ఒక సీసాలో పోసి వారము దినములు స్నానపుగదిలో ఉంచమని చెప్పు వ్యాసములు, ఆ ప్రక్కనే షాంపూలలో క్రుళ్లకుండ చేర్చు పదార్థములను విషములని తిట్టుచుండును! ఇక శీకాయ బొమ్మ గల షాంపూ సీసాల వెనుక సన్నని అక్షరములను చదివినచో, పలు సీసాలపై నీటి తరువాత కృత్రిమ డిటర్జెంటు పేరు ఉండును. మన దేశపు నియమము ప్రకారము ఒక శాతమునకు మించిన పదార్థములను పరిమాణక్రమమున ముద్రింపవలెను. శీకాయ ఎచట ఉన్నదో ఆ వరుసయే చెప్పును.

పాతపద్ధతికి అన్యాయము జరుగకుండ ఒక మాట. కుంకుడును నేడు పొగడువారు దాని జోడును మరచుచున్నారు. కుంకుడు జిడ్డును గట్టిగానే లాగివేయును. నూనె లేకుండ దానితో తరచు కడిగినచో జుట్టు పీచువలె ఎండును. తలంటులో నూనె ముందు, కుంకుడు తరువాత. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజతైలములను పోల్చి చూడగా, ముందుగా కొబ్బరినూనె పట్టించిన వెంట్రుకలనుండి కడుగునప్పుడు మాంసకృత్తు నష్టము తగ్గినట్లు కనుగొనిరి. (పరిశోధకులు కొబ్బరినూనె అమ్మెడి కంపెనీవారే యను సంగతియు గుర్తుంచుకొనవలెను, ఐనను వారు కొలిచి చూపిరి, ఊరక చెప్పలేదు.) వారమునకొక్క దినము, నూనె పిదప, ఆనాడే తీసిన పులుసుతో, తల వంచి కండ్లు మూసి - అమ్మమ్మల పద్ధతిలో ఇన్ని జాగ్రత్తలు ఇమిడియున్నవి. వ్యాసములలోనికి ఎక్కినది పులుసు ఒక్కటే.

ఇవన్నియు తరగతిలో చూపుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. రెండు పరీక్షనాళికలలో గొట్టపుబావి నీరు పోసి, ఒకదానిలో సబ్బు తురుము, రెండవదానిలో వడగట్టిన కుంకుడు పులుసు వేసి కుదిపినచో, మొదటిదానిలో తెట్టు, రెండవదానిలో నురుగు కానవచ్చును. ఊరి నీరు మెత్తనిదైనచో చిటికెడు మెగ్నీషియము సల్ఫేటు కలుపవచ్చును. పసుపునీటిలో తడిపి ఆరవేసిన కాగితమును సబ్బునీటిలో ముంచినచో ఎఱ్ఱబారును. కుంకుడునీటిలో పసుపుగానే ఉండును. ఎఱ్ఱమందారపు రేకలను వేడినీటిలో నానబెట్టి ఆ రంగునీటిని నిమ్మరసములో వేసినచో ముదురు గులాబివన్నెకును, సబ్బునీటిలో వేసినచో ఆకుపచ్చకును మారును. 'మందారములో రసాయనములు లేవు' అను అట్టను వ్రేలాడదీసిన బల్లమీదనే ఈ చివరి ప్రయోగమును చేయించవచ్చును.